‘మహమద్దీమ్’: నాలుగు హర్ఫులు కలిస్తే పేరు అయిపోదు

“మామూ, గ్రూపులో వచ్చిన ఆ వీడియో నిజమేనా?”

ఇషా నమాజు అయ్యాక హాస్టల్ నుంచి మా భాంజీ ఫోన్. గొంతులో ఏదో ఇబ్బంది. ఏ వీడియో అని అడగనక్కర్లేదు. వారం రోజులుగా మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్నది అదొక్కటే. వెనక నాత్ వినిపిస్తుంటుంది. ఒక యూదు మతగురువు తన కితాబు చదువుతుంటాడు. ఒక మాట దగ్గరికి రాగానే తెర మీద ఎర్ర అక్షరాలు మెరుస్తాయి. హజ్రత్ సులైమాన్ (అ) రాసిన గీతంలో మన ప్రవక్త (స) పేరు స్పష్టంగా ఉందట, చెవులారా వినమంటారు. కింద వరసగా ‘సుభానల్లాహ్’లు, ‘మాషా అల్లాహ్’లు. అందులో ఒకటి మా ఆపాది, అంటే ఈ పిల్ల తల్లిది.

పిల్ల ఊరుకోలేదు. వీడియోను రూమ్మేటుకు చూపించింది. ఆ అమ్మాయి క్రిస్టియన్. ఇద్దరూ ఒకే కంచంలో తినేంత దోస్తీ. రూమ్మేటు కొట్లాడలేదు, వెక్కిరించలేదు. ఫోన్‌లో తన బైబిల్ యాప్ తెరిచి, ఆ హీబ్రూ మాట మీద వేలు పెట్టింది. అదే మాట బైబిల్లో ఇంకెక్కడెక్కడ ఉందో జాబితా వచ్చింది. “ఇక్కడ కూడా ఇదే మాట ఉందే, ఇక్కడ కూడా మీ ప్రవక్త పేరేనా?” అని అడిగింది. ఆమె చూపించిన చోటు హోషేయ గ్రంథం 9వ అధ్యాయం. అక్కడ సంగతి తల్లుల కడుపున పుట్టిన ముద్దుబిడ్డల చావు గురించి.

“మామూ, నాకు ఏడుపొచ్చేసింది. ఆ పేరు అక్కడ పెట్టి చదవాలంటే నోరు రాలేదు” అంది.

ఆ రాత్రి దానికి ఫోన్లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. నేను ఆలిమ్‌ని కాను. ఉర్దూ మీడియంలో చదువుకుని, డిగ్రీలో తెలుగు తీసుకుని, పేపరు పనిలో జుట్టు నెరిసినవాణ్ని. కానీ ఈ విషయానికి ఆలిమ్ కానక్కర్లేదు. ఒక లుగత్, కాస్త ఓపిక చాలు. ఇంకో చిన్న సౌకర్యం మనకుంది. ఉర్దూ, అరబ్బీ మాటలు చెవిన పడుతూ పెరిగినవాళ్లకు హీబ్రూ పూర్తిగా పరాయి భాష కాదు.

ముందు ఆ వచనం ఎక్కడిదో చూద్దాం. తెలుగు బైబిల్లో దాన్ని ‘పరమగీతము’ అంటారు. ఉర్దూ బైబిల్లో దాని పేరు ఇంకా అందంగా ఉంటుంది: ‘గజల్-ఉల్-గజలాత్’. 5వ అధ్యాయంలో ఒక అమ్మాయి తన ప్రియుణ్ని వెతుక్కుంటూ తిరుగుతుంది. అతనిలో అంత గొప్పేముంది అని యెరూషలేము ఆడపిల్లలు అడుగుతారు. జవాబుగా ఆమె అతని తల, జుట్టు, కళ్లు, చెక్కిళ్లు, పెదవులు, చేతులు, కాళ్లు వరసగా వర్ణిస్తుంది. ఉర్దూ షాయరీ తెలిసినవాళ్లు దీన్ని చూడగానే గుర్తుపడతారు, ఇది సరాపా. మన తెలుగు కావ్యాల్లో నఖశిఖ పర్యంతం చేసే వర్ణన లాంటిదే. కాకపోతే మన దగ్గర ఎప్పుడూ కవి ఆడదాన్ని వర్ణిస్తాడు, ఇక్కడ అమ్మాయి అబ్బాయిని వర్ణిస్తుంది. వర్ణన ముగింపు 16వ వచనం. గొడవంతా అందులోని ఒక్క లఫ్జు మీదే.

ఆ వచనంలో మాటలు ఒక్కొక్కటే పట్టుకుని చూస్తే భలే ముచ్చటగా ఉంటుంది. మొదటి మాట ‘హిక్కో’. ‘హేక్’ అంటే అంగిలి, ‘హిక్కో’ అంటే అతని అంగిలి. అరబ్బీలో దాని తోబుట్టువు ‘హనక్’. మన ఇళ్లల్లో బిడ్డ పుట్టగానే ఖర్జూరం నమిలి అంగిలికి రాసే తహ్నీక్ ఉందే, ఆ మాట ఈ హనక్ నుంచి వచ్చిందే. రెండో మాట ‘మమ్తక్కీమ్’. హీబ్రూలో ‘మాతోక్’ అంటే తీపి, ‘మమ్తక్కీమ్’ అంటే తీపులు. అతని నోరంతా తీపే అని ఆమె అంటున్నది. ‘కుల్లో’లో మన ‘కుల్’ ఉంది. అతనంతా, అతను మొత్తంగా అని. ఆ తర్వాత వచ్చేదే ‘మహమద్దీమ్’. చివర్లో ఆడపిల్లల్ని పిలిచే మాట ‘బెనోత్’. ఆడపిల్లల మదర్సాల బోర్డుల మీద కనిపించే ‘బనాత్’ అన్నమాట.

ఇప్పుడు అసలు లఫ్జు. ‘మహమద్దీమ్’ బహువచనం. దాని ఏకవచనం ‘మహ్మద్’. రాతలో మేమ్, హేత్, మేమ్, దాలెత్. మన మీమ్, బడీ హే, మీమ్, దాల్. నాలుగు హర్ఫులూ అవే, వరస కూడా అదే. మన కళ్లు ఎందుకు మెరుస్తాయో నాకు బాగా తెలుసు. మొదటిసారి చూసినప్పుడు నావీ మెరిశాయి. అబద్ధమెందుకు, ఆ రోజు నేను కూడా నలుగురికి చెప్పాను.

కానీ ఉర్దూ బడిలో ‘వజ్న్’ అనే పాఠం చదివాం కదా. ఒకే ధాతువు నుంచి మాటలు ఏ అచ్చులో పోసుకుంటే ఏ మానీ వస్తుందో చెప్పే పాఠం. మక్తబ్, మత్బఖ్, మన్జర్ ఒక అచ్చు. ముకమ్మల్, మురత్తబ్, ముసల్లస్ ఇంకో అచ్చు. ‘ముహమ్మద్’ ఈ రెండో అచ్చులో పోసిన పేరు. మళ్లీ మళ్లీ, ఎంతో ఎక్కువగా ప్రశంస పొందినవారు అని దాని అర్థం. హీబ్రూ ‘మహ్మద్’ మొదటి అచ్చుకు చెందినది. దేన్ని మనసు కోరుకుంటుందో ఆ వస్తువు, ప్రాణప్రదమైనది అని అర్థం. ‘మక్తబ్’కీ ‘ముకమ్మల్’కీ ఎంత దూరమో ఈ రెండింటికీ అంత దూరం.

ఇక చివరి ‘ఈమ్’. వీడియోలో చాలా తెలివిగా ఈ ‘ఈమ్’ వినపడీ వినపడకుండా నాత్ శబ్దం పెంచారు. కొందరు ఇంకొంచెం చదువుకుని, అది గౌరవ బహువచనం, ‘ఎలోహీమ్’లో ఉన్నట్టు, అంటారు. ఈ దలీల్ వినడానికి బలంగానే ఉంటుంది. కానీ ఇబ్రాహీం (అ), మూసా (అ), దావూద్ (అ) పేర్లు అదే బైబిల్లో ఎన్నోసార్లు వస్తాయి. వాళ్లలో ఏ ఒక్కరి పేరుకూ గౌరవం కోసం ‘ఈమ్’ తగిలించిన చోటు లేదు. పైగా ఇదే వచనంలో రెండు మాటల ముందే ‘మమ్తక్కీమ్’ ఉంది. తీపి ఒకటి చాలక తీపులు అన్నట్టే, కోరుకోదగినది ఒకటి చాలక కోరుకోదగినవి అన్నది ఆ అమ్మాయి. రెండు మాటలూ ప్రాస కలిపిన జంట. ఒకటి మామూలు మాట, దాని జంట మాత్రం ఒక మనిషి పేరు అంటే ఆ వాక్యమే కూలిపోతుంది. తెలుగు బైబిల్ తర్జుమాదారులు ‘అతికాంక్షణీయుడు’ అని వేశారు. నా చెవికి ఆ మాట కాస్త బండగా ఉంటుంది గానీ మానీ మాత్రం సహీ.

హీబ్రూలో హ-మ-ద్ ధాతువుకు అసలు అర్థం కోరుకోవడం, ఆశపడటం. మూసా (అ)కు ఇచ్చిన పది ఆజ్ఞల్లో చివరిది గుర్తుందా? పొరుగువాడి ఇల్లు, ఇల్లాలు, ఎద్దు, గాడిద వగైరా వాటి మీద ఆశ పెట్టుకోవద్దనేది. అక్కడ వాడిన క్రియ ఈ ధాతువుదే: ‘తహ్మోద్’. జన్నత్‌లో హవ్వా చూసిన చెట్టుకు ఆదికాండము వాడిన విశేషణం ‘నెహ్మాద్’, అదీ ఇదే. యెహోషువ గ్రంథంలో ఆకాను అనేవాడు యుద్ధంలో దొరికిన వెండి బంగారాలు చూసి ఆశపడి దాచుకున్నాడు. ఆ ఆశపడటానికి కూడా ఇదే ధాతువు. అంటే మంచి కోరిక, చెడ్డ కోరిక రెండూ ఇందులో ఉన్నాయి. మన అరబ్బీలో అదే ధాతువు ‘హమ్ద్’ అయింది, పొగడ్త అయింది. అల్హమ్దులిల్లాహ్‌లో ఉన్నది అదే. మనసుకు నచ్చినదాన్నే కోరుకుంటాం, నచ్చినదాన్నే పొగుడుతాం. రెండు భాషలూ ఒకే ఇంటి నుంచి బయల్దేరి చెరో గుమ్మం దగ్గర ఆగాయి.

ఇలాంటివి ఈ రెండు భాషల మధ్య చాలా ఉన్నాయి. హీబ్రూలో ‘లెహెమ్’ అంటే రొట్టె. అరబ్బీలో ‘లహ్మ్’ అంటే మాంసం. ఈసా (అ) పుట్టిన బేత్లెహేము హీబ్రూవాళ్లకు రొట్టెల ఇల్లు. అరబ్బులు అదే ఊరిని బైత్ లహ్మ్ అంటారు. రొట్టె అన్నచోటల్లా మాంసం అని చదివితే ఏమవుతుంది?

అంత దూరం ఎందుకు, మన రాష్ట్రాల సంగతే చూడండి. నేను డెస్కులో కొత్తగా చేరిన రోజుల్లో ఒక మంత్రిగారి రాజీనామా వార్త రాసి, ఇంట్లో మా ఉర్దూ ఉస్తాద్‌కు గర్వంగా చెప్పాను. ఆయన అమాయకంగా అడిగారు, “రాజీనామానా? ఎవరితో రాజీ అయ్యాడు బేటా?” ఉర్దూలో రాజీనామా అంటే ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్న కాగితం. పదవి వదిలేస్తే ‘ఇస్తీఫా’. ఒకే మాట మక్కీకి మక్కీ ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చి, మన కళ్ల ముందే మానీ మార్చుకుంది. తెలుగు పేపరులో రాజీనామా అని చూసి, మంత్రి, ముఖ్యమంత్రి ఒప్పందానికొచ్చారని ఉర్దూ లుగత్ పట్టుకుని ఎవరైనా వాదిస్తే మనం నవ్వమా? ‘మహమద్దీమ్’ దగ్గర మనం చేస్తున్నది అదే. మనది కాని భాషలో ఉన్న మాటను మన లుగత్‌తో చదువుతున్నాం.

రూమ్మేటు చూపించిన జాబితాకు వద్దాం. ‘మహ్మద్’, దాని రకరకాల రూపాలు బైబిల్లో పదిసార్లకు పైగానే వస్తాయి. మొదటి రాజుల గ్రంథం 20వ అధ్యాయంలో సిరియా రాజు బెన్హదదు అహాబు రాజుకు కబురు పెడతాడు. నీ ఇంట్లో నీ కంటికి ఇంపైన ప్రతి వస్తువునూ నా మనుషులు వచ్చి పట్టుకుపోతారు అని. ఆ కంటికి ఇంపైనది ‘మహ్మద్’. విలాపవాక్యాల్లో శత్రువు చెయ్యి పడిన యెరూషలేము విలువైన వస్తువులు ఇవే. హోషేయలో దురదగొండి మొలిచిన చోట ఉండిన వెండి సామాను ఇదే. యెహెజ్కేలు 24వ అధ్యాయంలో దేవుడు ఆ ప్రవక్తతో, నీ కళ్లకు ప్రియమైనదాన్ని తీసుకుంటున్నాను, ఏడవకు అంటాడు. ఆ సాయంత్రమే యెహెజ్కేలు భార్య చనిపోతుంది. కళ్లకు ప్రియమైనది, ‘మహ్మద్’, ఆ ఇల్లాలు. ఆ చోట ఆ మాట చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం పక్కన పెట్టి కూర్చున్నాను. ఎంత నిండైన మాట అది. దాన్ని ‘పేరు దొరికింది’ అనే ఒక్క అవసరానికి వాడుకుని పారేస్తున్నాం.

ఇప్పుడు చెప్పండి. పరమగీతంలో పేరు అంటే, మిగతా చోట్ల కూడా పేరే అనాలి కదా. దోచుకుపోయే సామాను, దురదగొండి కింద పడ్డ వెండి, చావబోయే బిడ్డలు, వీటన్నిటి దగ్గరా ఆ ముబారక్ పేరు పెడతామా? తౌబా. ఒక్కచోట మాత్రం పేరు, మిగిలిన చోట్ల మామూలు మాట అంటే అది మనకు అనుకూలమైంది ఏరుకోవడం. నా భాంజీకి ఏడుపొచ్చింది అందుకే. ప్రవక్త (స) మీద ముహబ్బత్‌తోనే ఆ పిల్ల ఏడ్చింది. ఆ పేరును అంత చోటికి లాక్కెళ్లింది రూమ్మేటు కాదు, మన వీడియో.

ఒక అభ్యంతరం ఉంటుంది, నాకు తెలుసు. “హీబ్రూ ప్రాచీన ప్రతుల్లో అచ్చు గుర్తులు లేవు కదా, అవి యూదు పండితులు తర్వాత పెట్టినవి కదా, అప్పుడు మార్చేశారేమో?” మొదటి సగం నిజమే. మన జేర్, జబర్, పేష్ లాంటి గుర్తులు హీబ్రూ రాతకు ఇస్లాం వచ్చిన తర్వాతి శతాబ్దాల్లోనే స్థిరపడ్డాయి. తిబెరియ పండితులు పెట్టిన గుర్తులే ఇవాళ చదువుతున్నాం. కానీ ఆ మాటను అంతకుముందు ఎలా అర్థం చేసుకున్నారో చూడటానికి పాత తర్జుమాలు ఉన్నాయి. గ్రీకు తర్జుమా ప్రవక్త (స) పుట్టుకకు కొన్ని శతాబ్దాల ముందుది. అందులో ఈ మాటకు ‘ఎపితుమియా’ అని వేశారు, కోరిక అని. 420లో కన్నుమూసిన జెరోమ్ లాటిన్‌లోకి మార్చినప్పుడు ‘దెసిదెరాబిలిస్’ అన్నాడు, కోరుకోదగినవాడు అని. ప్రవక్త (స) పుట్టింది 570 ప్రాంతంలో. ఇంకా పుట్టని మనిషి పేరు దాచడానికి ఎవరైనా ముందే కుట్ర చేశారనుకోవాలా? ‘ఈమ్’ సంగతి అయితే అచ్చు గుర్తుల గొడవే కాదు. యోద్, మేమ్ అనే రెండు హర్ఫులు అక్షరాలుగానే ఉన్నాయి.

“మరి తౌరాత్‌లో, ఇంజీల్‌లో ఆయన ప్రస్తావన ఉందని ఖురాన్ చెబుతున్నది కదా, నీకు ఈమాన్ లేదా?” గ్రూపులో నన్ను మా పెద్దలొకరు సరిగ్గా ఇలాగే అడిగారు. సూరె ఆరాఫ్‌లో ఆ మాట ఉంది. నాకు ఈమాన్ ఉంది. కానీ ఖురాన్ ఆ మాట చెప్పిన చోట పరమగీతం 5వ అధ్యాయం 16వ వచనం అని నంబరు ఇవ్వలేదు. ఆ నంబరు ఇచ్చింది మనం. నంబరు తప్పని చెబితే ఖురాన్‌ను కాదన్నట్టు కాదు, మన అంచనాను కాదన్నట్టు. ఈ రెండింటినీ కలిపేయడంలోనే ప్రమాదముంది. బలహీనమైన దలీల్‌ను ఈమాన్‌కు గుంజలా పాతితే, రేపు యాప్‌లో ఎవరో ఒక అమ్మాయి వేలు పెట్టి ఆ గుంజ పీకినప్పుడు మన పిల్లలు ఏమనుకుంటారు? గుంజ ఒక్కటే పోయిందనుకోరు, పందిరి మొత్తం అబద్ధమేమో అనుకుంటారు.

తెలిసో తెలియకో ఏదైనా ఖబర్ వస్తే ముందు తహ్కీక్ చేసుకోమని సూరె హుజురాత్ చెబుతున్నది. ఇరవై ఏళ్లుగా నేను డెస్కులో చేస్తున్న పని అదే, జీతం తీసుకుని. ఖాందాన్ గ్రూపులోకి రాగానే మనందరికీ ఆ ఆయత్ ఎందుకు గుర్తురాదో నాకు అర్థం కాదు. జైద్ బిన్ సాబిత్ (రజి)ని యూదుల రాత నేర్చుకోమని ప్రవక్త (స) స్వయంగా పురమాయించారని తిర్మిజీలో రివాయత్ ఉంది. ఆయన రెండు వారాల్లోనే నేర్చేసుకున్నారట. ఉత్తరాలు వాళ్ల చేత చదివించుకోకుండా, మన మనిషే సరిగ్గా చదవగలగాలని. మన దేశంలోనే సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ బైబిల్‌కు ఒక ముసల్మాన్‌గా వ్యాఖ్య రాయాలని పూనుకున్నారు. ‘తబ్యీన్-ఉల్-కలామ్’ మొదటి భాగం 1862లో గాజీపూర్‌లో అచ్చయింది. ఆయన అభిప్రాయాలన్నీ నేను ఒప్పుకోను. కానీ అవతలివాళ్ల కితాబును వాళ్ల మాటల్లో చదవాలని ఆయన పడ్డ మెహ్నత్ చూస్తే, మనం ముప్పై సెకన్ల వీడియో దగ్గర ఆగిపోయినందుకు సిగ్గేస్తుంది.

ఇంకొకటి మనసులో పెట్టుకోండి. టీవీ స్టూడియోలో కూర్చుని ‘జిహాద్’ అనే ఒక్క లఫ్జు పట్టుకుని, ముందు వెనకల ఆయత్‌లు వదిలేసి, అరబ్బీ రానివాడు మన కితాబుకు మానీ చెబుతుంటే మన రక్తం ఉడుకుతుంది. ఉడకాలి కూడా. మా భాషలో మా కితాబు ఏం చెబుతుందో మమ్మల్ని అడగండి అంటాం. యూదులకు పరమగీతం మామూలు కితాబు కాదు. మిగతా పవిత్ర గ్రంథాల కంటే అది ఇంకా పవిత్రమని రబ్బీ అకీవా అన్నాడు. ఖుదాకూ తన ఉమ్మత్‌కూ మధ్య ఇష్క్‌గా వాళ్లు దాన్ని చదువుకుంటారు. క్రైస్తవులు క్రీస్తుకూ సంఘానికీ మధ్య ప్రేమగా చదువుకుంటారు. ఇష్క్-ఎ-మజాజీ, ఇష్క్-ఎ-హకీకీ అని మాట్లాడుకునే ఖవ్వాలీల నేల మీద పుట్టిన మనకు ఇది అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది? వాళ్ల గజల్‌లో ఒక మాట తీసి, తోక కోసి, మా పేరు అనడం అదబ్ కాదు. పురాణాల్లోనూ వేదాల్లోనూ పేర్లు వెతికే పుస్తకాల గురించి కూడా నాది ఇదే మాట, దాని మీద మరోసారి రాస్తాను.

గ్రూపులో ఇదంతా కాస్త తగ్గించి పెట్టాను. రెండు రోజులు ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన గ్రూపు వదిలి వెళ్లిపోయారు. నేను ఇంటికెళ్లి చాయ్ తాగి, సలాం చెప్పి వస్తే మళ్లీ చేరారు. ఆపా మాత్రం తన ‘మాషా అల్లాహ్’ డిలీట్ చేసింది. మూడో రోజు అదే వీడియో వేరే నంబరు నుంచి, వేరే నాత్‌తో మళ్లీ వచ్చింది.

భాంజీకి మాత్రం ఫోన్లో ఒకటే చెప్పాను. నీ దోస్త్ సరిగ్గానే చూపించింది, వెళ్లి ఆమెకు షుక్రియా చెప్పు, ఆ తర్వాత ‘హిక్కో’ మాట గురించి చెప్పు, తహ్నీక్ అంటే ఏమిటో చెప్పు అని. మర్నాడు మెసేజ్ పెట్టింది. ఇద్దరూ కూర్చుని బెనోత్, బనాత్, షాలోమ్, సలామ్ అంటూ రాత్రి పన్నెండు దాకా జాబితా రాసుకున్నారట. కింద ఒక ప్రశ్న: “మామూ, నాకు తహ్నీక్ చేసింది ఎవరు?”

“మీ నానా. అజ్వా దొరకలేదు, బజారులో దొరికిన మామూలు ఖర్జూరంతోనే” అని రాశాను.